రైడ్ ఎందుకు ఆగిందో సరే, మళ్లీ ఎవరు కదిలించారో అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం.

రోలర్ కోస్టర్ ఎక్కడైనా మధ్యలో ఆగిందంటే చాలు, మీ పేపర్లో ఆ వార్తకి హెడ్డింగ్ ముందే రాసి పెట్టుకున్నట్టుంటుంది. "గాల్లో ప్రాణాలు", "అరగంట నరకం", "తప్పిన పెను ప్రమాదం". కింద ఎవరో సెల్‌లో తీసిన ఫొటో, దాని పక్కన భయపడిపోయిన ఒకరి మాటలు, చివర్లో "సాంకేతిక లోపం వల్ల రైడ్ నిలిచిపోయిందని నిర్వాహకులు తెలిపారు" అని ఒక్క వాక్యం. మొన్న ఒక కోస్టర్ మధ్యలో అరగంట ఆగిపోయిందని మీరు వేసిన వార్తా అంతే. అసలు వార్త ఆ ఆఖరి వాక్యం దగ్గర మొదలవ్వాలి, మీరు అక్కడే ముగించేశారు. నా కంప్లయింట్ అదే.

నేను ఇంజినీర్ని కాను. ఈ రైడ్స్ పిచ్చి ఉన్న మామూలు మనిషిని. సెలవు దొరికితే వెళ్లి ఎక్కడం, దొరక్కపోతే వాటి డిజైన్ గురించి చదవడం, ఇంట్లోవాళ్లు "నీకు వేరే పనేం లేదా" అనడం, చాలా ఏళ్లుగా ఇదే వరస. అందుకే బంధువుల్లోగానీ ఆఫీసులోగానీ ఎవరికి డౌటొచ్చినా నా దగ్గరికే వస్తారు. ఇలాంటి వార్త వచ్చిన రోజైతే ఫోన్లే ఫోన్లు. "ఇంకా ఎక్కుతావా ఆ పాడు బండి?" అని మా అక్క తిట్లతో మొదలవుతుంది ఆ రోజు.

అక్కకి చెప్పిందే మీకూ చెప్తున్నా. ఆ బండి ఆగిందంటే చాలాసార్లు దాని పని అది సరిగ్గా చేసిందని అర్థం.

పెద్ద రైడ్‌లో ఒకే ట్రాక్ మీద ఒకేసారి రెండు మూడు బండ్లు తిరుగుతుంటాయి. అవి ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ట్రాక్‌ని భాగాలుగా విడగొడతారు, వాటిని బ్లాకులంటారు, రైళ్లకి సిగ్నళ్లు ఉన్నట్టే, ఒక బ్లాకులో ఒక్క బండే ఉండాలి. ప్రతి బ్లాకు చివరా బండిని పూర్తిగా ఆపగలిగే ఏర్పాటు ఉంటుంది, పైకి లాగే చెయిన్ కావచ్చు, బ్రేకులు కావచ్చు. ముందు బ్లాకు ఖాళీ అయిందని సెన్సర్లు చెబితేనే కంప్యూటర్ వెనకబండిని వదుల్తుంది. చెప్పకపోతే వదలదు, అంతే, బతిమాలినా వదలదు. కింద స్టేషన్లో ఎవరిదో బెల్టు ఊడదీయడం ఆలస్యమై ముందు బండి కదలకపోయినా సరే, వెనకది పైన ఎక్కడో ఆగి చూడాల్సిందే. కింద నిలబడి ఫొటో తీసేవాడికి మాత్రం బండి పాడైపోయి వేలాడుతున్నట్టే కనిపిస్తుంది.

నాకూ జరిగింది. ఏ పార్కో చెప్పను, ఇప్పుడు దానితో పనిలేదు. లిఫ్ట్ మీద, అంటే చెయిన్ బండిని లాగే ఏటవాలు ట్రాక్ మీద, పైకి పోతున్నాం, కొన ఇంకో పది పన్నెండు అడుగులుందనగా చెయిన్ ఆగింది. అప్పటిదాకా సీటు కిందనుంచి టక్ టక్ టక్ టక్ మని వస్తున్న చప్పుడు ఒక్కసారిగా పోయింది, ఆ నిశ్శబ్దమే అన్నిటికన్నా భయం. వీపు సీటుకి అతుక్కుపోయి ఉంది, కళ్లముందు ఆకాశం తప్ప ఇంకేం లేదు. ముందు వరసలో ఒకాయన ఏదో జోకేశాడు, ఎవరూ నవ్వలేదు. నా పక్క సీట్లో కుర్రాడు ఒళ్లో ఉన్న బార్‌ని పైకి లాగి లాగి చూస్తున్నాడు, లాక్ ఉందో లేదోనని, "ఉందిలే నాయనా, వదిలెయ్" అంటే వినడే. కాసేపటికి పక్కనున్న మెట్ల మీదుగా ఒకమ్మాయి ఎక్కి వచ్చింది, నడుముకున్న తాడు రెయిలింగ్‌కి తగిలించుకుంటూ, రొప్పుతూ. "ఏం పర్లేదండీ, ముందు బండి వచ్చేసింది గానీ ఒక సెన్సర్ చూపించట్లేదు, మావాళ్లు ట్రాకంతా కళ్లతో చూసి, బండ్లు లెక్కపెట్టుకుని, అప్పుడు వదుల్తారు" అంది. లెక్కపెట్టుకుని అన్న ఆ ఒక్కమాటతో నా టెన్షన్ సగం దిగిపోయింది. ఎందుకో చెప్తాను, కాస్త ఆగండి. మొత్తం ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. మర్నాడు ఒక పేపర్లో (మీది కాదులెండి) "మృత్యువు అంచున" అని వేశారు. ఆ అంచున కూర్చున్నది నేనే, నాకే తెలీలేదు.

ఆ టక్ టక్ చప్పుడు మనల్ని భయపెట్టడానికే పెట్టారని చాలామంది అనుకుంటారు. బండి అడుగున ఒక కొక్కెంలాంటిది ఉంటుంది, అది ట్రాక్ మధ్యలో రంపంలా పళ్లున్న పట్టీ మీద ఒక్కో పన్నూ దాటుతూ చేసే చప్పుడది. చెయిన్ తెగినా, ఊడినా, బండి వెనక్కి ఒక్క పన్ను దూరం కూడా జారదు. ఆ కొక్కెం పట్టుకోకపోతే ఏమవుతుందో 1972 మే 30న లండన్ బాటర్‌సీ పార్కులో చూశారు. చెక్క కోస్టర్, బండి పైకి లాగే తాడునుంచి విడిపోయింది, వెనక్కి జారకుండా ఆపాల్సింది ఆపలేదు, అయిదుగురు పిల్లలు పోయారు. అందుకే చెప్తున్నా, ఆగిన బండి గురించి కంగారు పడకండి, ఆగాల్సిన చోట ఆగని బండి గురించి పడండి.

ఇప్పుడు ఆ లెక్కపెట్టడం సంగతి. ఇంగ్లండ్‌లో ఆల్టన్ టవర్స్ అని పెద్ద పార్కు. అక్కడ 2013లో స్మైలర్ అనే కోస్టర్ తెరిచారు, ఒక్క రైడ్‌లో 14 సార్లు తలకిందులు చేస్తుంది, అది ప్రపంచ రికార్డు. 2015 జూన్ 2న దానికేదో ఇబ్బంది వచ్చి ఆపారు, సరిచేశారు, జనం ఎక్కువున్నారని ట్రాక్ మీదికి ఇంకో బండి చేర్చారు, ఖాళీ బండి ఒకటి టెస్టుకి వదిలారు. ఆ రోజు గాలి గట్టిగా ఉంది. ఆ ఖాళీ బండి ఒక మలుపు ఎక్కలేక వెనక్కి జారి ట్రాక్ మధ్యలో పల్లంలో ఉండిపోయింది. అది ఎవరూ గమనించలేదు. తర్వాత 16 మందితో ఇంకో బండి బయల్దేరింది, కంప్యూటర్ దాన్ని లిఫ్ట్ మీద ఆపేసింది. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. కంప్యూటర్ ఆపింది, సరిగ్గా ఆపింది, ముందు బ్లాకులో బండి ఉంది కాబట్టి ఆపింది. మీ భాషలో ఇది "సాంకేతిక లోపం". అక్కడి ఇంజినీర్లూ అలాగే అనుకున్నారు, కంప్యూటరే పొరబడిందని దాన్ని పక్కనపెట్టి బండిని చేత్తో వదిలేశారు. అది పోయి పల్లంలో ఉన్న ఖాళీ బండిని గుద్దింది. ఇద్దరమ్మాయిలకి ఒక్కో కాలు తీసేయాల్సొచ్చింది, ఇనుములో ఇరుక్కున్నవాళ్లని బయటికి తియ్యడానికి గంటలు పట్టింది. 2016లో ఆ పార్కు నడిపే కంపెనీకి కోర్టు 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. బటన్ నొక్కినవాళ్ల మీదికి తోసేసి ఊరుకోలేదు, ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో, ఎవరు ఎవర్ని అడగాలో సరైన పద్ధతే లేకపోవడాన్ని పట్టుకుంది.

అంటే ఆ రోజు మెషీన్ తప్పు ఏమీ లేదు, మెషీన్ మాట వినకపోవడమే తప్పు. బండి ఆగిన అరగంటా మీకు వార్తయ్యింది. మళ్లీ కదిలిన ఆ ఒక్క క్షణం గురించి మీ రిపోర్టర్ ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. ఎవరు వదలమన్నారు? ట్రాక్ మీద ఎన్ని బండ్లున్నాయో అప్పుడు వాళ్లకి తెలుసా? ముందు జనాన్ని దించేశారా, కూర్చోబెట్టే వదిలారా? ఇవి అడిగుంటే ఆ వార్త పేపర్లో వెయ్యడానికి ఒక కారణం ఉండేది.

అసలు ఖాళీ బండి ఆ మలుపు ఎందుకు ఎక్కలేకపోయింది అంటారేమో, బరువున్నవాళ్లు ఎక్కితే బండి స్లో అవుతుందా అని నన్ను అందరూ అడిగే ప్రశ్నకి జవాబూ అదే. కాదు, ఉల్టా. ఎత్తునుంచి కిందికి పడేటప్పుడు బరువుతో పనిలేదు, వేగం ఎత్తుని బట్టే వస్తుంది. ఆ వేగాన్ని తినేసేది గాలీ చక్రాల రాపిడీ. నిండు బండిని గాలి అంత తేలిగ్గా ఆపలేదు, ఖాళీ బండిని ఆపేస్తుంది. అందుకే టెస్టులప్పుడు సీట్లలో నీళ్లు నింపిన బొమ్మలు కూర్చోబెట్టి తిప్పుతారు. అందుకే పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు బండి కాస్త మందంగా ఉంటుంది, సాయంత్రానికి చక్రాలూ గ్రీజూ వేడెక్కి ఊపందుకుంటుంది. తెలిసినవాళ్లు మంచి రైడ్‌ని చీకటి పడేదాకా దాచుకునేది అందుకే. గాలి ఎక్కువున్న రోజు రైడ్ మూసేశారని గేటు దగ్గర గొడవపెట్టుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

జనం భయాలన్నీ తప్పు చోట ఉంటాయి, ఇది నేను ఎన్నిసార్లు చూశానో. లూప్‌లో తలకిందులైనప్పుడు పడిపోతామేమోనని భయం. నిజానికి లూప్ పైభాగంలో కూడా సీటే మనల్ని తోస్తూ ఉంటుంది, బకెట్‌లో నీళ్లు పోసి గిరగిరా తిప్పినప్పుడు ఒలకవు చూడండి, అదే లెక్క. బార్‌కి అసలు పని పడేది ఎవరూ పట్టించుకోని చిన్న చిన్న గుట్టల మీద, బండి కిందికి వంగుతుంటే మనం సీటునుంచి పైకి లేచిపోతాం చూడండి, అక్కడ. అక్కడ బండినే ట్రాక్‌కి కట్టేసి ఉంచాలి, దానికి ట్రాక్ పట్టీ అడుగునుంచి పట్టుకునే చక్రాలుంటాయి, జాన్ మిల్లర్ అనే అమెరికన్ 1919లో వాటికి పేటెంట్ తీసుకున్నాడు. పైన ఒక వరస చక్రాలు, పక్కన ఒక వరస, అడుగున ఒక వరస. ఇప్పుడు మనం చూసే అంత ఎత్తూ అంత వేగమూ ఆ అడుగు చక్రాల పుణ్యమే. అవి రాకముందు, 1902లో కట్టిన లీప్ ది డిప్స్ అనే కోస్టర్ పెన్సిల్వేనియాలో ఇంకా నిలబడి ఉంది, నిలిచి ఉన్నవాటిలో అదే పాతది, దానికి అడుగు చక్రాలు లేవు, అందుకే అది అంత నెమ్మది.

లూప్ గురించే ఇంకో మాట. మా అక్క కూతురు ఒకసారి బొమ్మ గీస్తూ "మామయ్యా, లూప్ గుండ్రంగా రావట్లేదు, ఫొటోలో చూస్తే నిమ్మకాయలా ఉంది" అంది. దానికున్న చూపు చాలామంది పెద్దవాళ్లకి లేదు. లూప్ గుండ్రంగా ఉండదు, ఉండకూడదు. 1895లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ అని ఒకటి కట్టారు, నిజంగానే గుండ్రటి లూప్, చిన్నది. తిన్నగా వచ్చిన బండి ఒక్కసారిగా ఆ వంపులో పడేసరికి మెడలు పట్టేసేవి, బరువు 12 రెట్లదాకా పెరిగేదని చెప్తారు. ఇది దురదృష్టం కాదు, లెక్కే అంత. గుండ్రటి లూప్ ఏ సైజులో కట్టినా, రాపిడి సంగతి పక్కనపెడితే, పైన మన మీద పడే బరువుకీ కింద పడే బరువుకీ తేడా మన అసలు బరువుకి ఆరు రెట్లు ఉండి తీరుతుంది. పైన సీటునుంచి జారకుండా ఉండాలంటే కింద నలిగిపోవాలి. దీన్ని విప్పింది జర్మన్లు, డిజైనర్ వెర్నర్ స్టెంగెల్, తయారీదారు ఆంటోన్ ష్వార్జ్‌కాఫ్. 1976లో కాలిఫోర్నియాలో మ్యాజిక్ మౌంటెన్ పార్కుకి వాళ్లు కట్టిన రివల్యూషన్‌లో లూప్ కన్నీటి బొట్టులా ఉంటుంది, కింద వెడల్పుగా మొదలై పైకి పోయేకొద్దీ వంపు బిగుస్తుంది. వేగం ఎక్కువున్నచోట వంపు తక్కువ, వేగం తగ్గినచోట వంపు ఎక్కువ. ఇంతే. ఇంత చిన్న విషయానికి ఎనభై ఏళ్లు పట్టింది.

కరెంటు పోతే? ఈ ప్రశ్న వెయ్యనివాడు లేడు. లిఫ్ట్ దాటాక బండికి కరెంటుతో పనేలేదు, మామూలు కోస్టర్‌కి ఇంజినే ఉండదు. ఆపడానికి కూడా ఇప్పుడు చాలావాటిలో శాశ్వత అయస్కాంతాలు వాడుతున్నారు, వాటి మధ్యనుంచి రాగిదో అల్యూమినియందో రేకు వేగంగా దూసుకుపోతుంటే అందులో పుట్టే కరెంటే దాన్ని వెనక్కి లాగుతుంది. ఎక్కడా తగలదు, అరగదు, బయటినుంచి కరెంటు అక్కర్లేదు. వేగం తగ్గేకొద్దీ పట్టూ తగ్గుతుంది కాబట్టి పూర్తిగా నిలబెట్టడానికి మాత్రం వేరే బ్రేకులుండాలి. గాలితో పనిచేసే ఆ బ్రేకుల్ని కూడా గాలి పోతే తెరుచుకునేలా కాకుండా బిగుసుకునేలా చేస్తారు. ఏది పాడైనా బండి ఆగేవైపే పాడవ్వాలి, డిజైన్ అంతా ఆ ఒక్క పట్టుదల మీద నడుస్తుంది. మీ హెడ్డింగులు తిట్టేది సరిగ్గా దాన్నే.

న్యూజెర్సీలో కింగ్డా కా అని ఉండేది, 2005లో వచ్చింది, 139 మీటర్ల ఎత్తు, గంటకి 206 కిలోమీటర్లు. కిందనుంచి ఒక్క తోపు తోస్తే నిటారుగా పైకి పోయి అవతలికి దిగాలి. అప్పుడప్పుడు ఆ తోపు చాలక బండి కొనదాకా పోయి వెనక్కి జారేది. చూసేవాళ్లకి గుండె ఆగేది, వీడియోలన్నిటికీ "ప్రమాదం" అని పేర్లు. కానీ తోసిన వెంటనే వెనకాల ట్రాక్ మీద బ్రేకు రేకులు పైకి లేచి ఉండేవి, బండి మెల్లగా వచ్చి ఆగేది, ఇంకోసారి తోసేవారు. ఒక్కసారైనా అలా వెనక్కి జారాలని మొక్కుకుంటూ క్యూలో నిలబడే పిచ్చోళ్లు మాలో ఉన్నారు. 2024లో దాన్ని మూసేశారు, 2025లో కూల్చేశారు. ఆ వీడియో నేను పూర్తిగా చూడలేకపోయాను.

ఏ సీటు మంచిదని కూడా అడుగుతారు. కొన దాటాక ముందు సీటువాళ్లు అంచుమీద కాసేపు వేలాడతారు, బండి మధ్యభాగం కొన దాటేదాకా వేగం అందుకోదు కదా, వెనక సీటువాళ్లని మాత్రం అప్పటికే ఊపందుకున్న బండి కొనమీదనుంచి ఈడ్చి అవతల పడేస్తుంది. నా ఓటు వెనక సీటుకే. కిడ్నీ రాళ్లున్నవాళ్ల ఓటు కూడా అదే కావచ్చు. డిస్నీ వరల్డ్‌లోని బిగ్ థండర్ మౌంటెన్‌లో ఇద్దరు డాక్టర్లు సిలికాన్ కిడ్నీ నమూనాలో నిజం రాళ్లు పెట్టుకుని, బ్యాగులో వేసుకుని మళ్లీ మళ్లీ తిరిగారు, వెనక సీట్లో 64 శాతం సార్లు రాయి కదిలి బయటికొచ్చింది, ముందు సీట్లో 17 శాతం. 2016లో అచ్చయింది ఆ పరిశోధన. నమూనాతో చేసింది లెండి, మీరు డాక్టర్ దగ్గరికి మానేసి పార్కుకి పోకండి. డిజైన్ చేసినవాళ్లు వాళ్ల రైడ్ వాళ్లే ఎక్కుతారా అని మా మేనకోడలు అడిగింది, దానికి రాన్ టూమర్ సంగతి చెప్పాను. ట్రాక్ పూర్తిగా చుట్టి వచ్చే కోస్టర్లలో 1989లో మొదటిసారి 200 అడుగులు దాటిన మాగ్నమ్‌ని డిజైన్ చేసిన మనిషి, ఆయనకి బండ్లెక్కితే కడుపులో తిప్పుతుంది, అందుకని తను కట్టినవి పెద్దగా ఎక్కేవాడు కాదు. అరగంట నవ్వింది.

నవ్వకూడని విషయం కూడా ఒకటుంది, మీ పేపర్లో అసలు రానిది. ఎత్తు కొలిచే కర్ర. పిల్లల్ని దాని దగ్గర నిలబెట్టి, బూట్లలో గుడ్డలు కుక్కి, జుట్టు పైకి ముడేసి దాటించే తల్లిదండ్రుల్ని నా కళ్లతో చూశాను, ఒకాయనైతే ఆపరేటర్ కుర్రాడి మీద కేకలేశాడు, "వాడికి భయం లేదయ్యా, ఇంతకంటే పెద్దవే ఎక్కాడు" అని. ధైర్యం ఎవడడిగాడు? ఆ గీత తుంటినీ తొడల్నీ ఒళ్లో బార్ సరిగ్గా పట్టుకుంటుందా లేదా అన్నదానికి. ఇందాక చెప్పిన చిన్న గుట్టల మీద పైకి లేచేటప్పుడు బార్‌కీ ఒంటికీ మధ్య ఉన్న సందే అన్నీ నిర్ణయిస్తుంది. ఆ కుర్రాడు "కుదరదండీ" అని అలాగే నిలబడ్డాడు, చుట్టూ అందరూ ఆయన్నే సమర్థిస్తున్నా. వార్త రాయాలంటే ఆ కుర్రాడి మీద రాయండి.

పార్కులవాళ్లని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. ఒక రైడ్ వారంలో నాలుగుసార్లు ఆగుతోందంటే అది కచ్చితంగా అడగాల్సిన విషయమే, సెన్సర్లు మార్చట్లేదో, మనుషుల్ని తగ్గించారో. మాటిమాటికీ ఆగే రైడ్‌తో ఇంకో ముప్పుంది, నడిపేవాళ్లకి ఆ అలారం అలవాటైపోతుంది, "మళ్లీ మొదలెట్టింది" అని చూడకుండానే వదిలెయ్యడం అలవాటవుతుంది. అందుకని ఎన్నిసార్లు ఆగిందో అడగండి, ప్రతిసారీ కారణం ఎక్కడైనా రాసిపెట్టారో లేదో అడగండి, ఆ పుస్తకం చూపించమనండి. "సాంకేతిక లోపం" అంటే ఏ లోపం అని ఇంకో ప్రశ్న వెయ్యడానికి మీ రిపోర్టర్‌కి అర నిమిషం కంటే ఎక్కువ పట్టదు.

చివరగా మొన్నటి ఫొటో గురించి. దాని కింద "తలకిందులుగా వేలాడుతున్న ప్రయాణికులు" అని వేశారు. ఫొటోలో ఉన్నది లిఫ్ట్, అందరూ సీట్లలో వెనక్కి వాలి కూర్చునే ఉన్నారు, మూడో వరసలో ఒకతను తాపీగా సెల్ఫీ తీసుకుంటున్నాడు. సవరణ వేస్తారని ఆశిస్తున్నాను.

ఇట్లు,
మీ పాత పాఠకుడు